వానకి ఆగిపోయిన మంగళవారం

తప్పు నాదేనని ఈ అభిమానుల బస్సులో ఒక్కరైనా అంటే బాగుండు. డ్రైవర్ మాల్కమ్‌తో కలిపి ముప్పై ఒక్క మందిమి ఉన్నాం, మైదానం గేటు దాటినప్పటి నుంచి అందరూ మాట్లాడుతూనే ఉన్నారు. రిఫరీకి కళ్ళు లేవన్నారు. ఎనభై ఎనిమిదో నిమిషంలో బంతి స్తంభానికి తగలకుండా రెండు వేళ్ళు ఇవతలగా వెళ్ళి ఉంటేనా అన్నారు. ఫిబ్రవరి వానల్ని తిట్టారు. గోల్స్ కొట్టే ఒక్కగానొక్కడు జనవరిలో మోకాలు దెబ్బతీసుకున్నందుకు వాణ్ణి తిట్టి, వెంటనే పాపం అన్నారు. లీగ్ వాళ్ళు పెట్టిన తేదీల్ని తిట్టారు, చివరికి గడ్డిని కూడా వదల్లేదు. ఉన్న కారణాలన్నీ అయిపోయాక మళ్ళీ రిఫరీ దగ్గర్నుంచి మొదలుపెట్టారు. నా పేరు మాత్రం ఎవరి నోటా రాలేదు. లెక్క చిన్నపిల్లలకి కూడా తెలుస్తుంది. మాకు నలభై ఒక్క పాయింట్లు. మా పైన ఉండి బతికి బయటపడ్డ జట్టుకి నలభై రెండు. డిసెంబరులో లీగ్ వాళ్ళు మా దగ్గర కోసేసినవి మూడు. ఆ మూడూ ఉండి ఉంటే పదకొండేళ్ళుగా ఆడుతున్న లీగ్‌లోనే ఉండేవాళ్ళం, ఈపాటికి బస్సులో పాటలు పాడుతుండేవాళ్ళం. అవి పోయింది నా వల్ల. నేను స్కెల్బీ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్ కార్యదర్శిని, జీతం లేని కొలువు, ఇరవై ఆరేళ్ళ నుంచి చేస్తున్నాను. ఈ బస్సు మా మైదానం ముందు ఆగగానే అధ్యక్షుడి చేతిలో తాళంచెవులు పెట్టి, ఇక నా వల్ల కాదని చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. ఈ సంగతి పక్క సీట్లో ఉన్న డెనిస్‌కి కూడా చెప్పలేదు. ఇంకా గంట ప్రయాణం ఉంది.

టీవీలో చూపించే ఆటకి ఏడు మెట్లు కిందుంటాం మేము. మా ఆటగాళ్ళు వారమంతా గోడలకి గచ్చు పూసి, అంబులెన్సుల్లో తిరిగి, బళ్ళో లెక్కలు చెప్పి, శనివారం మూడింటికి బూట్లు తొడుక్కుంటారు. అలాంటి చోట కార్యదర్శి పనంటే కాగితాలు. ఎవడు ఎప్పుడు నమోదయ్యాడు, ఎవడికి ఎన్ని పసుపు కార్డులు, ఎవడు ఏ మ్యాచ్‌కి బయట కూర్చోవాలి. కీరన్ ప్లాట్ అక్టోబరులో మా దగ్గరికి వచ్చాడు. ఎడమ వైపు ఆడతాడు, గచ్చు పని చేస్తాడు, ఇరవై మూడేళ్ళవాడు, బంతి తన దగ్గర లేనప్పుడు కూడా పరిగెడుతూనే ఉంటాడు. పాత క్లబ్‌లో ఐదు పసుపు కార్డులు తిని వచ్చాడు కాబట్టి మా దగ్గర ఒక మ్యాచ్ బయట కూర్చోవాలి. ఆ మ్యాచ్ నవంబరులో ఒక మంగళవారం పడింది. నాకొక రోగం ఉంది, పనిని ముందే ముగించి చేతులు దులుపుకోవడం. క్రిస్మస్ కార్డులు అక్టోబరులోనే రాసి దొంతర పెట్టుకునే మనిషిని. ఆ మంగళవారం పొద్దున టీ తాగుతూ, నోటుపుస్తకంలో కీరన్ పేరు పక్కన ‘శిక్ష అయిపోయింది’ అని రాసి టిక్కు పెట్టేశాను. సాయంత్రానికి ఎలాగూ అయిపోతుంది కదా. మధ్యాహ్నం వాన పట్టుకుంది. నాలుగింటికి రిఫరీ గొడుగేసుకుని మైదానం మధ్యకి వెళ్ళి బంతిని చేతిలోంచి వదిలాడు. అది ఎగరలేదు, పడ్డచోటే బురదలో కూర్చుండిపోయింది. మ్యాచ్ వాయిదా. జరగని మ్యాచ్‌లో అనుభవించిన శిక్ష శిక్ష కాదు, ఆ సంగతి నాకు నా పుట్టినరోజు తెలిసినంత బాగా తెలుసు, పక్క ఊళ్ళ కొత్త కార్యదర్శులకి ఫోన్లో పాఠం చెప్పేదాన్నే నేను. శనివారం బట్టల గది గుమ్మంలో నిలబడి కీరన్ అడిగాడు కూడా.

“నోరీన్, నేను ఆడొచ్చా? ఆ ఒక్క మ్యాచ్ గొడవ తీరిపోయినట్టేనా?”

పుస్తకం తీశాను. టిక్కు చూశాను. తీరిపోయింది, వెళ్ళి బూట్లు వేసుకో అన్నాను. వాడు ఆడాడు, రెండూ ఒకటితో గెలిచాం, రెండో గోల్ వాడిదే. గోల్ పడగానే నేను కూడా ఎగిరాను, అరవై ఏడేళ్ళ ఆడదాన్ని, చేతిలో టీ పక్కవాళ్ళ మీద ఒలకబోస్తూ ఎగిరాను. ఆ ఎగరడం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

కిటికీ బయట కొండ మీద గొర్రెపిల్లలు, రాళ్ళు పేర్చిన గోడలు, అరగంటగా అవే గోడలు, ఏప్రిల్ ఎండ ఇంకా దిగలేదు. ఇంత వెలుతురు ఉండగా కింది లీగ్‌కి పడిపోయి ఇంటికెళ్ళడం మరీ కష్టం. శీతాకాలంలో అయితే బస్సులో ఎవరి మొహం ఎవరికీ కనపడదు. డెనిస్ నా ఒళ్ళో గుడ్డు శాండ్‌విచ్ పెట్టింది. మా మైదానంలో టీ కొట్టు ఆమెది, పందొమ్మిదేళ్ళుగా బస్సులో నా పక్క సీటు కూడా ఆమెదే.

“తిను,” అంది. “పొద్దున్నుంచి చూస్తున్నా, టీ చుక్క తప్ప లోపలికి ఏమీ పోలేదు.”

“ఆకలి లేదే.”

“ఆకలి సంగతి ఎవరడిగారు? తినమన్నాను.”

ఈ మాత్రం గద్దింపు విని ఎన్నాళ్ళయిందో. ఒక ముక్క కొరికాను, గుడ్డులో మిరియాలు ఎక్కువయ్యాయి, ఇదివరకైతే ఆ మాట అనేదాన్ని, ఆమె తిరిగి నాలుగు అనేది, బర్న్‌సైడ్ కూడలి వచ్చేదాకా అలా నడిచేది మా ఇద్దరికీ. ఇప్పుడు బాగుందన్నాను. ఆమె శాండ్‌విచ్‌లు చుట్టిన కాగితాన్ని మడత మీద మడత పెడుతూ కూర్చుంది. డిసెంబరు నుంచి ఇదే వరస. అందరూ నాతో మర్యాదగా ఉంటున్నారు. ఎంత మర్యాదంటే, నేను జబ్బుపడ్డ మనిషినా అని అనుమానం వచ్చేంత.

విల్ఫ్ అయితే మరీను. విల్ఫ్‌కి ఎనభై ఒకటి, రైల్వే సిగ్నల్ గదిలో నలభై ఏళ్ళు పనిచేసి వచ్చాడు, గడియారం రెండు నిమిషాలు తేడాగా ఉంటే అన్నం సహించని మనిషి. మా లీగ్‌లో అభిమానుల మధ్య కంచెలుండవు, ఎవరు ఎక్కడైనా నిలబడొచ్చు. అందుకని మా జట్టు ఏ వైపు గోల్ కొట్టాలో ఆ గోల్ వెనక నిలబడతాం, సగం ఆట అయ్యాక జట్లు వైపులు మారితే మేమూ సంచులూ గొడుగులూ పట్టుకుని మైదానం చుట్టూ నడిచి అవతలి గోల్ వెనక్కి వెళతాం. అవతలి ఊరివాళ్ళు ఎదురొస్తారు, మూల జెండా దగ్గర ఇరుకైన దారిలో ఒకరినొకరు రాసుకుంటూ, ‘ఏం మీ గోల్ కీపర్ నిద్రపోతున్నాడా’ అంటే ‘మీవాళ్ళ ఆట చూస్తే ఎవడికి నిద్ర రాదు’ అనుకుంటూ దాటుకుంటాం. ప్రపంచంలో నాకు బాగా ఇష్టమైన నడక ఏదంటే అదే చెబుతాను, నా పెళ్ళిలో చర్చిలో నడిచిన నడక కూడా దాని తరవాతే, మా ఆయన క్లైవ్‌కి ఈ సంగతి తెలుసు, ఆయనకి టమాటా మొక్కలుంటే చాలు. ఆ నడకలో విల్ఫ్ ప్రతి శనివారం నా పక్కన నడుస్తూ జట్టు కాగితంలో తప్పులు పట్టేవాడు. ఏడో నంబరు వాడి ఇంటిపేరులో అక్షరం పోయిందనేవాడు, అచ్చు చీమ తలకాయంత ఉంది, భూతద్దం నువ్వు కొనిస్తావా అనేవాడు. నేను నీ కళ్ళ సంగతి డాక్టరుకి చెప్పుకో పో అనేదాన్ని. ఇరవై ఆరేళ్ళు పోట్లాడుకున్నాం. లీగ్ వాళ్ళ తీర్పు తెలిసిన తరవాత శనివారం, అదే మూల జెండా దగ్గర, విల్ఫ్ కాగితం చదివి మడిచి జేబులో పెట్టుకుని, చాలా చక్కగా ఉంది నోరీన్, థాంక్స్ అన్నాడు. ఆ కాగితంలో తేదీ తప్పు పడింది. ఇంటికెళ్ళాక చూసుకున్నాను. విల్ఫ్ కంటికి ఆ తప్పు కనపడలేదంటే ఎవరు నమ్ముతారు? ఆ రోజు నేను స్నానాల గదిలో కూర్చుని ఏడ్చాను, మూడు పాయింట్లకి కాదు, ఆ థాంక్స్‌కి.

తీర్పు ఉత్తరం తెచ్చిచ్చింది రే. మా జట్టుకి మేనేజరు, మా వీధికి పోస్టుమాను. డిసెంబరు ఎనిమిది, పొద్దున ఏడున్నర, ఎర్ర సంచీ భుజాన వేసుకుని, రాత్రి ప్రాక్టీసులో అరిచి అరిచి గొంతు బొంగురుపోయి, తలుపు సందులోంచి వెయ్యకుండా చేతికిచ్చాడు, లీగ్ ముద్ర చూసి. ఏంటో చూడు, కప్పు మ్యాచ్ తేదీ మార్చారేమో అన్నాడు. గుమ్మంలోనే విప్పి చదివాను. అనర్హుడైన ఆటగాడు, మూడు పాయింట్ల కోత, అప్పీల్ చెయ్యదలిస్తే ఏడు రోజులు. అప్పీల్‌కి ఏముంది, తప్పు తప్పే. కాగితం రే చేతికిచ్చాను. చదివాడు. వాన నీళ్ళు టోపీ అంచు మీంచి కాగితం మీద పడుతుంటే తుడిచి మళ్ళీ చదివాడు. ఆ నిమిషంలో ఆయన నన్ను ఎంత మాటన్నా పడేదాన్ని. రెండేళ్ళుగా శనివారాలన్నీ పెళ్ళాం పిల్లల దగ్గర్నుంచి తెచ్చి ఈ జట్టుకి పోసినవాడు. ఇంకా ఇరవై రెండు మ్యాచ్‌లున్నాయిగా నోరీన్ అన్నాడు. తరవాత, పద్నాలుగో నంబరు ఇంటివాళ్ళ కుక్కని కట్టేశారంటావా, నిన్న ప్యాంటు పట్టుకుంది అన్నాడు. వెళ్ళి మిగతా వీధంతా ఉత్తరాలు పంచుకున్నాడు. అంతే. ఆ తరవాత ఒక్కనాడూ ఆ మాట ఎత్తలేదు.

ఎత్తకుండా ఏం చేశారో చూశాను కదా, ఈ కళ్ళతో. ఓడిపోయిన సీజన్ అని రేపు పేపర్లో రెండు లైన్లు వేస్తారు, అవి రాసేవాడు ఫిబ్రవరిలో మా మైదానానికి రాలేదు. రాత్రంతా కురిసి తెల్లారేసరికి గోల్ ముందు చెరువు కట్టింది. మ్యాచ్ రద్దయితే మళ్ళీ వారం మధ్యలో ఆడాలి, వారం మధ్యలో అయితే సగం మందికి పని దగ్గర సెలవు దొరకదు. ఆరింటికి డెనిస్ ఫోన్ చేసి తోటపని ముళ్ళగడ్డపార, అదే నాలుగు ఇనప పళ్ళున్నది, పట్టుకుని రమ్మంది. వెళ్ళేసరికి ముప్పై నాలుగు మంది ఉన్నారు. ఊళ్ళో ఉన్న ప్రతి ముళ్ళగడ్డపారా వచ్చింది. నేలలో గుచ్చి, ఊపి, తీసి, అడుగు జరిగి మళ్ళీ గుచ్చడం, నీరు ఇంకేదాకా. గడ్డపార లేనివాళ్ళు వంటింటి స్పాంజీలతో బకెట్లలోకి పిండుతున్నారు. విల్ఫ్ ఎనభై ఒక్కేళ్ళ నడుముతో మోకాళ్ళ మీద కూర్చుని పెనాల్టీ చుక్క ఒక్కటే రెండు గంటలు ఆరబెట్టాడు, అది నా డిపార్ట్‌మెంట్ అన్నాడు. పన్నెండింటికి రిఫరీ వచ్చి బంతి వదిలితే ఎగిరింది, పెద్దగా ఏం కాదు, మోకాలంత ఎత్తు. ముప్పై నాలుగు మందీ చప్పట్లు కొట్టారు, గోల్ పడినట్టు. ఆ రోజు మా గోల్ కీపర్ డొమినిక్ అంబులెన్స్ డ్యూటీ నుంచి తిన్నగా వచ్చాడు, బట్టల గదిలో బల్ల కింద అందరి కోట్లూ కప్పుకుని నలభై నిమిషాలు నిద్రపోయి, లేచి, పెనాల్టీ ఆపాడు. విల్ఫ్ ఆరబెట్టిన చుక్క మీంచి కొట్టిన పెనాల్టీ అది. ఒకటీ సున్నాతో గెలిచాం. మార్చిలో అయిదు మ్యాచ్‌లు వరసగా ఓడలేదు. ప్రతి పాయింటూ వచ్చినప్పుడల్లా నేను మనసులో, ఇది నా అప్పు తీర్చడానికి వాళ్ళు పడుతున్న పాటు అనుకునేదాన్ని. ముగ్గురు చేసే పని ఒక్కొక్కడూ చేశాడు. పదకొండేళ్ళలో మేం గెలిచిన కప్పు ఒకటుంది, ఆ ఏడు కూడా నాకు వీళ్ళు ఇంత ముద్దు రాలేదు. ఇంత గొప్పగా ఆడినవాళ్ళని కింది లీగ్‌కి తోసింది ఎవరయ్యా అంటే బల్ల దగ్గర కూర్చుని టీ తాగుతూ టిక్కు పెట్టిన మనిషి.

ఇవాళ గెలిస్తే చాలు. ఒకటీ ఒకటి, సమానం. ఎనభై ఎనిమిదో నిమిషంలో కీరనే కొట్టాడు, ఇరవై గజాల నుంచి, బంతి కాలు వదిలినప్పుడు మా గోల్ వెనక ఊపిరి పీల్చిన చప్పుడు నాకు ఇంకా చెవుల్లో ఉంది, తరవాత స్తంభం మోగింది. ఈల వేశాక వాడు నేల మీద కూర్చుండిపోయాడు. మావాళ్ళు చప్పట్లు ఆపలేదు, పది నిమిషాలు ఒకటే చప్పట్లు, కింది లీగ్‌కి పోయినవాళ్ళకి అన్ని చప్పట్లు ఎందుకా అని అవతలి ఊరివాళ్ళు చూశారు, కాసేపటికి వాళ్ళూ కలిశారు. రే ఒక్కొక్కణ్ణీ లేపి మా వైపు తీసుకొచ్చాడు. కీరన్ మైదానం చుట్టూ ఉన్న కమ్మీ దగ్గరికి వచ్చి నా ఎదురుగా ఆగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మెడ దాకా బురద.

“సారీ నోరీన్. అది లోపలికి వెళ్ళుంటే మీకు…” అన్నాడు.

నాకు సారీ చెప్పాడు వాడు. నాకు! పట్టుకుని కుదిపి, నేను చెప్పాలిరా ఆ మాట, నువ్వు అడిగావు, అడిగిన మొగాడివి నువ్వొక్కడివే, నేను పుస్తకం చూసి ఆడమన్నాను అని అరవాలనిపించింది. చెయ్యి మీద చెయ్యి వేసి, చలిలో నిలబడకు, వెళ్ళి స్నానం చెయ్యి అన్నాను. ఎప్పుడూ అంతే నేను, చెప్పాల్సినది పక్కనపెట్టి బట్టల సంగతీ భోజనం సంగతీ మాట్లాడతాను. అక్కడే, ఆ కమ్మీ దగ్గరే నిశ్చయించుకున్నాను, ఇక చాలని.

బస్సు ముందు వరసలో విల్ఫ్ లేచాడు. సీటు పట్టుకుని ఊగుతూ, మెళ్ళో క్లబ్ కండువా సరిచేసుకుని, అట్టపెట్టెలోంచి బురదబూటు బయటికి తీశాడు. మర్చిపోయాను, అసలు ఇవాళ ఇదొకటి ఉంటుందని మర్చిపోయాను. సీజన్ చివరి బస్సులో బురదబూటు ఇవ్వడం మాకు ఆనవాయితీ. ఎవరిదో పాత బూటు, బంగారు రంగు వేసి, బురద మాత్రం కడగలేదు. ఏడాదంతటిలో పెద్ద వెర్రిపని చేసినవాళ్ళకి అది బహుమతి, బస్సులో అందరూ చీటీ రాయాలి, గెలిచినవాళ్ళు ఏడాదిపాటు ఇంట్లో అందరికీ కనపడేచోట పెట్టుకోవాలి. పొగమంచులో ఏమీ కనపడక, అవతలివాళ్ళు కొట్టిన గోల్‌కి టోపీలెగరేసి పాట పాడినందుకు ఒక ఏడు మా వరసంతా కలిపి గెలిచాం. ఆ బూటు నెలకొకరింట్లో తిరిగింది.

“ఈ ఏడాది వెర్రిపనులకి కరువు లేదు,” అన్నాడు విల్ఫ్. “మాల్కమ్ జనవరిలో మనల్ని రగ్బీ మైదానానికి తీసుకెళ్ళాడు.”

“నువ్వు టిక్కెట్టు కొని లోపల కూర్చున్నావుగా!” అని స్టీరింగు దగ్గర్నుంచి అరిచాడు మాల్కమ్. “బంతి గుడ్డులా ఉందేంట్రా అని పది నిమిషాలకి గాని అడగలేదు!”

“డ్రైవరు రోడ్డు చూడాలి, నా టిక్కెట్టు కాదు. ఇంక మన డెనిస్. హాట్ చాక్లెట్ డబ్బాలో మాంసం గ్రేవీ పొడి పోసి పదకొండు మందికి తాగించింది.”

“తొమ్మిది మంది బాగుందన్నారు,” అంది డెనిస్. “నువ్వు రెండో కప్పు అడిగావు ముసలాయనా.”

నవ్వులు. నేను చూస్తూ ఉన్నాను, విల్ఫ్ నోటినే చూస్తున్నాను. ఇంకా ఎవరైనా ఉన్నారా అని ఒక్క క్షణం ఆగాడు, కళ్ళజోడు మీంచి బస్సు వెనక్కి చూశాడు, నా వరస మీదికి వచ్చేసరికి చూపు పక్కకి తిప్పాడు. చీటీలు పంచండి అన్నాడు. డెనిస్ బిస్కెట్ల డబ్బా, పొట్టి పెన్సిళ్ళు పట్టుకుని వెనక నుంచి బయల్దేరింది. నా ఒళ్ళోనూ ఒక చీటీ పడింది. ఇప్పుడు ఎటు ఆలోచించినా దెబ్బే. నా పేరు అందరూ రాశారంటే ఈ అయిదు నెలలూ మింగుకున్నదంతా ఒక్కసారి బయటపడుతుంది, ఆ బూటు నేను ఇంట్లో పెట్టుకోలేను, అది వేళాకోళం కాదు, నిజం. ఎవరూ రాయలేదంటే అది ఇంకా అన్యాయం. వీళ్ళ లెక్కలో నేను లేనట్టు. తోటివాణ్ణి తిట్టకుండా నిద్రపోని జనం వీళ్ళు, డొమినిక్‌ని తిడతారు, రేని తిడతారు, సొంత మొగుళ్ళని బయటికి పోయిన బంతి తెమ్మని తిడతారు, అదే వీళ్ళ ప్రేమ, అది నాకు రాకుండా ఆగిపోయింది. నేనంటే చుట్టంచూపుగా వచ్చిన మనిషిలాగా అయిపోయాను, కుర్చీ తుడిచి కూర్చోమంటారే అలా. వచ్చే ఆగస్టులో మొదటి శనివారం ఏం చేస్తానో ఊహించుకున్నాను. క్లైవ్ గాజు గదిలో టమాటాలకి నీళ్ళు పోస్తుంటాడు. మూడయ్యేసరికి నాకు తెలిసిపోతుంది, గడియారం చూడక్కర్లేదు. నాలుగింటికి సగం ఆట. వాళ్ళంతా సంచులు తీసుకుని మూల జెండా వైపు నడుస్తుంటారు. నేను వంటింట్లో గిన్నెలు కడుగుతూ ఉంటాను. ఆ నడకలో నేను ఉండను. అయినా సరే, పెన్సిల్ తీసుకుని నా పేరు రాశాను. అక్షరాలు స్పష్టంగా, విల్ఫ్ పేచీ పెట్టడానికి వీల్లేకుండా. మడిచి డబ్బాలో వేశాను. ఎవరూ అనకపోతే నా మాట నేనే అంటాను, కనీసం ఒక్క ఓటు ఉంటుంది.

లెక్కపెట్టడానికి విల్ఫ్ చాలాసేపు తీసుకున్నాడు. ప్రతి చీటీ విప్పి, వెలుతురులో పెట్టి చూసి, మూడు దొంతరలు పెట్టాడు, రెండోసారి లెక్కపెట్టాడు. డ్రైవరు చీటీ రాయలేడు కాబట్టి వంగి మాల్కమ్ చెవి దగ్గర ఓటు అడిగి, అది తనే ఒక కాగితం మీద రాశాడు. బస్సు కొండ దిగుతోంది. దూరంగా స్కెల్బీ నీళ్ళ టాంకు కనపడింది, అంటే ఇంకో పది నిమిషాలు.

“చీటీలు ముప్పై ఒకటి,” అన్నాడు విల్ఫ్. “చెల్లనివి లేవు. డెనిస్, గ్రేవీకి, అయిదు.”

“అయిదేనా? ఆ పదకొండు కప్పులు తాగినవాళ్ళు ఏమయ్యారు?”

“మాల్కమ్, గుడ్డు బంతికి, పన్నెండు.”

మాల్కమ్ హారన్ కొట్టాడు. విల్ఫ్ చేతిలో ఇంకో కాగితం ఉంది. దాన్ని మొహానికి దగ్గరగా తెచ్చుకున్నాడు, చదవడానికి కాదు, అది నాకు తెలుసు.

“నోరీన్. మంగళవారానికి. పద్నాలుగు.”

పద్నాలుగు. ఒకటి నాది, పదమూడు మంది వీళ్ళలో. విల్ఫ్ లెక్క తప్పు చెప్పే మనిషి కాడు. మొహం కాలిపోతోంది, ఎవరి వైపూ చూడలేను, డెనిస్ మోచెయ్యి నా మోచేతికి ఆనుకుని ఉంది, తియ్యలేదు. అన్నారు. ఎట్టకేలకి అన్నారు. నొప్పి పుట్టింది, నిజం చెప్పొద్దూ, చెంపమీద కొట్టినంత నొప్పి, కానీ ఆ నొప్పి వెనకాలే అయిదు నెలలుగా గుండె మీద కూర్చున్నదేదో లేచి పక్కకి జరిగింది. పద్నాలుగంటే పెద్ద సంఖ్య, బూటు నాదే, ఇక లేచి వెళ్ళి తీసుకోవాలి.

“అయితే,” అన్నాడు విల్ఫ్, సిగ్నల్ గది గొంతుతో. “అనర్హుడైన ఆటగాణ్ణి ఆడించిన కారణంగా, నోరీన్ ఓట్లలోంచి మూడు కోసేశాం. మిగిలినవి పదకొండు. ఒక్క ఓటు తేడాతో బూటు మాల్కమ్‌ది.”

మొదట పేలింది మాల్కమే.

“ఇదెక్కడి న్యాయంరా ముసలోడా! పద్నాలుగు వచ్చిన మనిషిని వదిలేసి నాకా!”

అంతే, బస్సు బద్దలైపోయింది. సీట్లు గుద్దుతున్నారు, వెనక వరసలో ఎవరో మూడు కోశారు మూడు కోశారు అని పాట అందుకున్నారు. డెనిస్ నా భుజం మీద తల పెట్టి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వుతోంది. నేను నవ్వుతున్నాను, ముక్కు కారుతోంది, చెయ్యి మీద గుడ్డు ఉంది, ఏడుస్తున్నాను కూడా, సిగ్గు లేదు. వీళ్ళని చూస్తే ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. వీళ్ళు ఓడిపోయారంటే ఎవరు నమ్మాలి? పాట ఆగేదాకా ఆగి, సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డాను.

“ఇది అన్యాయం. నేను అప్పీల్ చేస్తాను,” అన్నాను. అది నా పాత గొంతు. చాలా రోజుల తరవాత విన్నాను దాన్ని.

“చేసుకో,” అన్నాడు విల్ఫ్. “ఏడు రోజులు గడువు. కాగితం మీద రాయాలి, అచ్చు చీమ తలకాయంత ఉంటే చదవను. కింద క్లబ్ కార్యదర్శి సంతకం ఉండాలి, లేకపోతే చించి పారేస్తాను.” కళ్ళజోడు తీసి కండువాతో తుడిచాడు, మళ్ళీ పెట్టుకోలేదు. “వచ్చే సీజన్‌కి మనకి కార్యదర్శి ఉందా, అమ్మాయ్?”

ఇప్పుడు ఎవరూ నవ్వడం లేదు. ముప్పై మంది నా వైపే చూస్తున్నారు, మాల్కమ్ అద్దంలోంచి చూస్తున్నాడు. డెనిస్ కాగితం మడతలు ఆపేసింది. తెలుసు వీళ్ళకి, నేను మానేద్దామనుకున్న సంగతి ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు.

“ఉంది,” అన్నాను.